పాత సామాను సేకరించే మిత్రులకు: గిన్నె మీది పేరు చెరిపేయకండి

పాత వస్తువులు, బొమ్మలు, పటాలు, పింగాణీ, ఇత్తడి, బిద్రీ ఏది కనిపించినా ఆగి చూడకుండా ఉండలేని అన్నలకు, అక్కలకు, ఈ మధ్యే ఈ ఇష్టంలో పడ్డ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

నమస్తే. పోయిన నెల హైదరాబాద్‌లో ఒక పాత సామాను కొట్లో ఇత్తడి మానిక, అదే బియ్యం కొలిచే గిన్నె, ఒకటి కొన్నాను. కొట్టాయన దాన్ని తూకం వేసి, ధర చెప్పి, "రెండు రోజులు ఆగండమ్మా, బఫింగ్ కొట్టించి ఇస్తా, బంగారంలా మెరుస్తుంది" అన్నాడు. వద్దన్నాను. ఎందుకంటే అంచు కింద చుట్టూ చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంది. చి.ల.సౌ. అని మొదలై, ఒక ఆడపిల్ల పేరు, ఆ తర్వాత ఊరి పేరులో మొదటి రెండు అక్షరాలు. మిగతా అక్షరాల దగ్గర మానిక నొక్కుపడి అరిగిపోయింది. ఆయన వెనకాల అరలో బఫింగ్ అయిపోయిన చెంబులు, బిందెలు, మరచెంబులు ఓ పాతిక దాకా ఉన్నాయి, ఒక్కదాని మీదా అక్షరం లేదు. వాటి మీద కూడా పేర్లు ఉండేవా అని అడిగితే, "దాదాపు అన్నిటి మీదా ఉంటాయమ్మా. పేరు కనిపిస్తే ఎవరి ఇంటి సామానో అని కొనేవాళ్లు వెనక్కి పెట్టేస్తారు, అందుకే తీయించేస్తాం" అన్నాడు.

ఆయన్ని ఏమీ అనలేకపోయాను. కొనేవాళ్లు అడిగేది ఆయన చేస్తున్నాడు. ఆ కొనేవాళ్లు ఎవరు? మనమే కదా. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

మన ఇళ్లలో గిన్నెల మీద పేర్లు ఎలా పడ్డాయో మీలో చాలామంది చూసే ఉంటారు. గిన్నెల కొట్టు అరుగు మీద ఒకాయన కూర్చునేవాడు, చేతిలో సన్నటి ఉలి, చిన్న సుత్తి. మనం చీటీ మీద పేరు రాసిస్తే దాన్ని ఓసారి చూసి, గిన్నెను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, టకటకా చుక్కలు పెట్టుకుంటూ పోయేవాడు. ముందు గీత గీసుకోవడం ఉండదు, తప్పు పడితే చెరపడం కూడా ఉండదు. కొందరి చేతిరాత అచ్చు అక్షరంలా ఉండేది, కొందరు దీర్ఘాలు మర్చిపోయేవారు, "పెళ్ళికి" అన్నచోట "పెల్లికి" అని పడేది. ఆడపిల్లకు సారెలో పెట్టేవాటి మీద, పెళ్లిలో చదివించేవాటి మీద, పెద్దవాళ్ల జ్ఞాపకార్థం పంచేవాటి మీద తేదీ కూడా వేయించేవారు. తర్వాత కరెంటు మిషన్లు వచ్చాయి, అక్షరం సన్నబడింది. అంటే ఆ చుక్కల అక్షరాన్ని బట్టే ఆ గిన్నె సుమారుగా ఏ కాలానిదో చెప్పొచ్చు, ఏ ప్రాంతానిదో చెప్పొచ్చు, ఎవరు ఎవరికి ఎందుకు ఇచ్చారో చెప్పొచ్చు. చదువుకోని ఆడవాళ్ల పేర్లు వాళ్ల జీవితం మొత్తంలో లోహం మీద పడింది బహుశా ఇక్కడొక్కచోటే. పొలం పట్టాలో వాళ్ల పేరు లేదు, ఇంటి గోడ మీద లేదు. సారె బిందె మీద ఉంది. దాన్ని మనం మెరుపు కోసం అరగదీయిస్తున్నాం.

సేకరణ అంటే మీకూ నాకూ ముందు కంటికి నచ్చడమే, అందులో తప్పేమీ లేదు. ఆకారం బాగుంది, పనితనం బాగుంది, కొన్నాం. కానీ కొన్నాళ్లు పోయాక మనసు అడిగేది వేరే. ఇది ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, దేనికి వాడారు, మన దాకా ఎలా వచ్చింది అని. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెకా ముందు నిలబడ్డ ప్రతిసారీ నాకు ఇదే ఆలోచన వస్తుంది. ఆ పాలరాతి ముసుగు వెనక ముఖం కనబడేలా చెక్కిన పనితనం గురించి అందరూ చెబుతారు, నిజంగానే ఎంతసేపు చూసినా తనివి తీరదు. కానీ ఆ బొమ్మ గురించి మనకు ఎన్ని విషయాలు తెలుసో చూడండి. చెక్కింది ఇటలీ శిల్పి బెంజోని, 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్ వెళ్లినప్పుడు కొన్నది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరణతో కలిసి 1951లో జనం చూడటానికి దివాన్ దేవిడీలో పెట్టారు, 1968లో ఇప్పటి భవనంలోకి వచ్చింది. ఎక్కడో ఇటలీలో పుట్టిన రాయి పుట్టుపూర్వోత్తరాలు ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాం. మన తాలూకా కంచరి చేసిన చెంబు గురించి ఒక్క ముక్క చెప్పలేం. ఆ కంచరి పనితనం తక్కువని కాదు, కొన్నవాళ్లెవరూ రాసి పెట్టుకోలేదు కాబట్టి.

ఇక శుభ్రం చేయడం గురించి. ఇది మా ఇంట్లోనే జరిగింది కాబట్టి చెబుతున్నాను, ఇంకెవరికీ జరగకూడదని. చాలా ఏళ్ల కిందట చార్మినార్ దగ్గర మహబూబ్ చౌక్‌లో ఒక బిద్రీ హుక్కా కుండ కొన్నాను. నల్లటి ఒంటి మీద వెండి తీగలతో పూలతీగ, మెడ దగ్గర చిన్న చిన్న ఆకులు, కొన్ని ఆకుల్లో వెండి ఊడిపోయి గుంటలు మాత్రమే మిగిలాయి. దీపావళికి ఇల్లు దులిపేటప్పుడు, నల్లగా ఉంది మాసిపోయింది అనుకుని, మా ఇంట్లో పిల్లవాడు మంచి మనసుతోనే దాన్ని ఇత్తడి తోమే పొడితో గంటసేపు తోమాడు. నేను వచ్చేసరికి కుండ బూడిదరంగులోకి వచ్చేసింది, పూలతీగ ఎక్కడుందో వెతుక్కోవాలి. వాడు నవ్వుతూ చూపించాడు, నాకు ఏడుపొచ్చింది, వాణ్ణి ఏమనాలో తెలియలేదు.

ఆ నలుపు మురికి కాదని వాడికి చెప్పి ఉండాల్సింది నేను. బిద్రీ లోహంలో ఎక్కువ భాగం జింకు, కొద్దిగా రాగి. ఇసుక అచ్చులో పోత పోసి, ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తం నీళ్లు పూస్తే తాత్కాలికంగా నల్లబడుతుంది, ఆ నలుపు మీద సన్నటి మొనతో డిజైన్ గీస్తారు. గీసినచోటల్లా చిన్న ఉలితో గాడి తవ్వి అందులో వెండి తీగనో రేకునో కూర్చి సుత్తితో కొట్టి ఎక్కిస్తారు. మళ్లీ అంతా నునుపు చేస్తే ఆ దశలో వెండీ లోహమూ ఒకే రంగులో ఉండి డిజైన్ కనిపించదు. అప్పుడు బీదర్ కోటలో పాతగోడల దగ్గరి మట్టి తెచ్చి, నవాసారం, నీళ్లు కలిపి, కొద్దిగా వేడి చేసిన వస్తువు మీద రుద్దుతారు. ఆ మట్టికి లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉండిపోతుంది. ఆ క్షణంలో పూలతీగ చీకట్లోంచి పైకొచ్చినట్టు కనబడుతుంది, నేను ఒకసారి దగ్గరుండి చూశాను, చేసేవాళ్లు కూడా ఆ కాసేపు మాట్లాడటం ఆపేస్తారు. చివర్లో నూనె రాస్తారు. అంటే ఆ నలుపే సగం కళ. దాన్ని తోమేస్తే సగం వస్తువు డ్రైనేజీలో పోయినట్టే. మెత్తటి పొడి గుడ్డతో తుడవండి, చాలు. చింతపండు, నిమ్మకాయ, సబీనా, ఏదీ దగ్గరికి రానివ్వకండి. ఇంట్లో వాళ్లకీ, పనిలో సాయానికొచ్చే అక్కకీ కూర్చోబెట్టి చెప్పండి.

కొండపల్లి బొమ్మలకూ ఇదే గతి పడుతోంది. బొమ్మల కొలువు సందూకంలో అమ్మమ్మల కాలం నాటి పొణికి కర్ర బొమ్మలు ఉంటాయి, చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన ముద్దతో చేతులూ తలపాగాలూ అతికించినవి. రంగు వెలిసిందని వాటికి ఎనామిల్ పెయింట్ వేయిస్తున్నారు. దయచేసి ఆగండి. వెలిసిన రంగే ఆ బొమ్మ వయసు, పైన ఎనామిల్ పడ్డాక కింద ఏముందో తిరిగి చూసే దారి ఉండదు.

ఇప్పుడు చెప్పేది రాయడానికి కొంచెం కష్టంగా ఉంది. కొన్నేళ్ల కిందట ఒక వ్యాపారి ఇంట్లో చేర్యాల పటం, అంటే గుడ్డ మీద కథను బొమ్మలుగా వేసింది, పాతది చూశాను. చూశాను అంటే, దాని ముక్కలు చూశాను. ముప్పై, నలభై అడుగుల పొడుగున నిలువుగా చుట్ట విప్పుకుంటూ పోయే పటాన్ని అడుగున్నర ముక్కలుగా కత్తిరించి, ఒక్కోదానికి ఫ్రేము కట్టి గోడకు ఆనించి పెట్టారు. మొత్తం పటం కొనేవాళ్లు లేరట, ముక్కలైతే హాల్లో సోఫా పైన పెట్టుకోవడానికి సరిపోతాయట. ఎర్రటి నేల మీద ఒక గుర్రం, దాని ముందు చేయెత్తిన ఒక మనిషి. ఆ చేయి ఎవరి వైపు చూపిస్తోందో, ఆ మనిషి ఇంకో ఫ్రేములో ఉన్నాడు, ఆ ఫ్రేము అప్పటికే ఎవరికో అమ్ముడుపోయింది.

ఆ పటాలు గోడకు పెట్టుకోవడానికి వేసినవి కాదని మనలో కొత్తవాళ్లకు తెలియకపోవచ్చు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు కలిపి పూతలు పూసి, ఆరబెట్టి, నకాషీ చిత్రకారులు బొమ్మలు వేసేవారు. వేయించుకునేది కథ చెప్పేవాళ్లు. ఆ కథకులకు తమ కులం, తాము కథ చెప్పే కులం, ఆ కథ, మూడూ ముడిపడి ఉంటాయి. కాకిపడగల వారు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు, కూనపులి వారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలివారు మాదిగలకు జాంబపురాణం. రాత్రి ఊరి మధ్యలో పటం వేలాడదీసి, ఒక్కో అర విప్పుతూ కర్రతో చూపిస్తూ పాడతారు. మొదటి అరలో వినాయకుడు. పటం పాతబడి రంగు రాలిపోతే, దేవుడి విగ్రహాన్ని చేసినట్టే పూజ చేసి నీళ్లలో కలిపే ఆనవాయితీ ఉండేది. అందుకే చాలా పాత పటాలు మిగలలేదు, మిగిలినవి మన చేతికి వచ్చాయంటే ఆ బరువు మనకు తెలియాలి. వాళ్లు గౌరవంగా నీళ్లకు ఇచ్చినదాన్ని మనం కత్తెరతో ముక్కలు ముక్కలు చేయడం నాకు ఎంత సర్దిచెప్పుకున్నా మనసుకు ఎక్కడం లేదు. పటం మొత్తం కొనే స్తోమత లేకపోతే కొనకండి. చేర్యాలలో ఇప్పటికీ నకాషీ కుటుంబాలు చిన్న పటాలు, ముఖాలు, మాస్కులు చేసి అమ్ముతున్నాయి, అవి గోడ కోసమే చేసినవి, వాళ్లకు నాలుగు రూపాయలూ వస్తాయి.

తోలుబొమ్మల సంగతీ అంతే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలు మీద వేసిన దీపాల గుమ్మటాలు కొనండి, నా ఇంట్లోనూ ఒకటుంది. తోలుబొమ్మలాటలో ఆడించిన పాత బొమ్మ దొరికితే మాత్రం దాని చేతులు విప్పి విడివిడిగా ఫ్రేము కట్టించకండి. నడుముకు, మోచేతికి వేసిన ఆ దారపు ముడి దగ్గర తోలు ఎంత అరిగిందో చూస్తే ఆ బొమ్మ ఎన్ని రాత్రులు ఆడిందో తెలుస్తుంది.

చట్టం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామంది ఆ మాట ఎత్తగానే టెన్షన్ పడి విషయం దాటేస్తారు. 1972లో వచ్చి, 1976 నుంచి అమల్లో ఉన్న పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాలు, చిత్రాలు, నాణేలు, కళావస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి, విలువైన రాతప్రతులకైతే 75 ఏళ్లు చాలు. అంటే అటకమీది తాటాకు పుస్తకాలు కూడా. వీటిని దగ్గర ఉంచుకోవడం నేరం కాదు. విగ్రహాలు, చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతుల వంటి కొన్ని రకాలను రిజిస్టర్ చేయించాలి, వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి, దేశం దాటించడం కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థకు తప్ప ఎవరికీ కుదరదు. పొలం దున్నుతుంటే, పునాది తవ్వుతుంటే బయటపడ్డదైతే దానికి 1878 నాటి చట్టం వేరే ఉంది, కలెక్టర్‌కు చెప్పాలి. డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్న మన పిల్లలు నానమ్మ వస్తువు సూట్‌కేసులో పెట్టుకెళ్లాలనుకుంటే, వయసు మీద అనుమానం ఉంటే, ముందే పురావస్తు శాఖకు చూపించి అది పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఎయిర్‌పోర్టులో ఆ వస్తువు వదిలేసి వెళ్లాల్సిన అవసరం రాదు.

రాసిపెట్టుకోవడం, ఫొటో తీసిపెట్టుకోవడం ఎంత పని చేస్తుందో తెలియాలంటే చందవరం చూడండి. దొనకొండ దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న బౌద్ధ క్షేత్రం అది. అక్కడి సున్నపురాతి శిల్పం ఒకటి, బుద్ధుణ్ణి ఆరాధించే జనం బొమ్మ, సుమారు మూడో శతాబ్దానిది, 2001లో దొంగతనానికి గురైంది. 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాన్ని న్యూయార్క్ వ్యాపారి దగ్గర కొనింది. ఆ రాయి చందవరంలో ఉన్నప్పుడు తీసిన ఫొటో ఉండబట్టే అది మనదని తేలింది, 2016లో తిరిగి ఇచ్చేశారు. ఆ ఫొటో లేకపోతే? ఆ రాయి ఇప్పటికీ అక్కడే, కింద ఏదో ఒక చీటీతో ఉండేది. మన ఊరి గుళ్లలో ఉత్సవ విగ్రహాలకు, పాత వాహనాలకు, గంటలకు ఫొటోలు ఉన్నాయా అని ఈ ఆదివారం వెళ్లి చూడండి. లేకపోతే పూజారిగారి అనుమతి తీసుకుని తీయండి, ముందువైపు, వెనకవైపు, అడుగున, ఏదైనా పగులు ఉంటే దాని దగ్గరగా. ఒక కాపీ గుళ్లోనే ఇవ్వండి. ఎవరైనా పాత విగ్రహం చూపించి, ఎక్కడిదని అడిగితే మాట మార్చాడా, వెనక్కి వచ్చేయండి. ధర ఎంత తక్కువైనా సరే.

నేను మిమ్మల్ని అడిగేది పెద్ద పనేం కాదు. వస్తువు కొన్న రోజు రాత్రి పడుకోబోయే ముందు ఒక నోటుబుక్కులో నాలుగు మాటలు రాయండి. ఎవరి దగ్గర కొన్నారు, వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చిందన్నారు, వాళ్లు దాన్ని ఏమని పిలిచారు. ఈ చివరిది మరీ ముఖ్యం. మా వైపు చెంబు అనే దాన్ని పక్క జిల్లాలో ఇంకోటి అంటారు. సోల, తవ్వ, మానిక, కుంచం అని నేను చెబితే మా ఆఫీసులో పిల్లలకు అవి గిన్నెల పేర్లని కూడా తెలియలేదు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం అని లెక్క చెప్పి, బియ్యం పోసి చూపిస్తే ఎంత ఆశ్చర్యంగా చూశారో. వస్తువు మిగిలి పేరు పోతే అది అందమైన డబ్బా, అంతే. ఇంట్లో ముసలివాళ్ల దగ్గర కొంటున్నట్టయితే కాసేపు కూర్చోండి. తూకం అయ్యాక డబ్బులిచ్చి లేచి వచ్చేయకండి. ఆమె ఆ బిందెను ఒకసారి చేత్తో తడిమి ఏదో చెబుతుంది, అది ఫోన్‌లో రికార్డ్ చేయొచ్చా అని అడిగి చేయండి. వీలైతే ఇంకోమాట కూడా అడగండి, "మీ పిల్లలకు చెప్పారా ఇది అమ్ముతున్నట్టు?" అని. ఒకసారి ఇలా అడిగినందుకు ఒక పందిరిమంచం కొనకుండానే వెనక్కి వచ్చాను, మనవరాలు ఫోన్‌లో అమ్మొద్దని ఏడ్చింది. అది ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. ఆ ఊరు వెళ్లినప్పుడల్లా చూసి వస్తాను.

డబ్బున్నవాళ్లకే ఇదంతా అనుకునేవాళ్లకు ఒక మాట. హైదరాబాద్‌లో జగదీశ్ మిట్టల్, కమలా మిట్టల్ అనే దంపతులుండేవారు, ఇద్దరూ చిత్రకారులు, జమీందారులు కారు. ఏళ్ల తరబడి చూసి, చదివి, ఎంచి ఎంచి సేకరించి, 1976లో ఆ సేకరణనంతా ట్రస్టుకు ఇచ్చేసి మ్యూజియం చేశారు. దక్కన్ చిత్రాల గురించి, తెలంగాణ పటాల గురించి ఈరోజు మనకు తెలిసినదాంట్లో ఎంతో భాగం వాళ్లు చూసి రాసిపెట్టిందే. కొనడం వాళ్లు చేసిన పనిలో చిన్న భాగం.

కొట్టు నడిపే అన్నలకు కూడా ఇదే చెబుతున్నాను. పేరున్న గిన్నెను పేరుతోనే పెట్టండి. మెరిసేదానికంటే దానికి ఓ వంద ఎక్కువ చెప్పండి, నాలాంటివాళ్లం ఇస్తాం. ఎక్కడి నుంచి వచ్చిందో చిన్న చీటీ మీద రాసి దారంతో కట్టండి. ఊరి పేరు చాలు.

ఇక ఆ మానిక. ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. సుమారు జానెడు ఎత్తు, అడుగు కొంచెం సొట్ట, లోపల ఒకవైపు బాగా నునుపు, కుడిచేత్తో బియ్యం కొలిచేవాళ్లు బొటనవేలు పెట్టేచోట. ఊరి పేరులో మిగిలిన రెండు అక్షరాలు "పె", "ద". కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆ అక్షరాలతో మొదలయ్యే ఊళ్లు ఎన్నో ఉన్నాయి, ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తున్నాను. పేరు చివర "కు నాయనమ్మ" అని ఉంది, తేదీ లేదు. అక్షరాలు చేత్తో కొట్టినవే, "మ్మ" దగ్గర ఒక చుక్క ఎక్కువ పడింది. మీ ఇళ్లలో ఇలాంటి చేతిరాతతో, అదనపు చుక్కతో గిన్నెలేమైనా ఉంటే ఫొటో తీసి పెట్టండి, ఏ ఊళ్లో కొన్నారో రాయండి. ఆ కొట్టింది ఏ ఊరి ఆయనో తెలిస్తే ఈ మానిక ఏ ఇంటిదో తెలుసుకోవడానికి దారి దొరుకుతుంది. ఆ ఇంటివాళ్లు అడిగితే ఇచ్చేస్తాను.

మీ తోటి సేకర్త